నరికే దరఖాస్తు కంటే ముందు చెట్టు పేరు రాయండి

తెలంగాణ గ్రామ సర్పంచులకు ఒక బహిరంగ లేఖ



మీ పంచాయతీ ఆఫీసు బీరువాలో, అడుగు అరలో, పాత వేలంపాట రిజిస్టరు ఉందేమో ఒకసారి తీయించి చూడండి. మా ఊళ్లో ఉంది. పాలమూరు వైపు చిన్న ఊరు మాది. రిజిస్టరు అట్ట అంచులు చెదలు తినేశాయి కానీ లోపల రాత ఇంకా చక్కగా కనిపిస్తోంది. ప్రతి ఏడూ సంక్రాంతి దాటాక ఒక పేజీ. చెరువు కట్ట కింద చింతచెట్లు రెండు, బడి వెనక ఒకటి, హనుమాండ్ల గుడి దగ్గర ఒకటి, బాట మీద మూడు. వాటి ఎదురుగా ఆ ఏటి కాయను పాడుకున్నవాళ్ల పేరు, ఎంతకు పాడుకున్నారో ఆ మొత్తం, కింద సంతకమో వేలిముద్రో.

ఆ చింతపండు పైసలతో ఒక ఏడు బడికి సున్నం వేయించారని, ఇంకో ఏడు బోరింగు బాగు చేయించారని మా నాయన చెప్పేవాడు. ఎండాకాలం పొద్దు తిరిగాక ఆడవాళ్లు ఆ చెట్ల కిందే గుంపుగా కూర్చుని కాయ పగలగొట్టి, ఈనె లాగి, గింజ తీసేవాళ్లు. పిల్లలం చుట్టూ తిరిగి గుప్పెడు గింజలు అడుక్కునేవాళ్లం, అచ్చనగాయలు ఆడుకోవడానికి. తర్వాత ఎప్పుడో పాట ఆగిపోయింది. పాడేవాళ్లు కరువయ్యారో, పాడించేవాళ్లకు తీరిక లేకపోయిందో తెలియదు. రిజిస్టరు బీరువాలోకి పోయింది. ఆ చెట్ల సంగతి రాసిపెట్టేవాళ్లు ఆ రోజుతో లేకుండా పోయారు.

బాట వెడల్పు చేసే పని వచ్చినప్పుడు నేను ఊళ్లోనే ఉన్నాను. రెండో శనివారం, తెల్లారి ఆదివారం. రెండు రోజులూ ఆఫీసులు తెరవరు. కటింగ్ మిషన్ చప్పుడు విని పరుగున పోయేసరికి మొదటి చెట్టు నేల మీద ఉంది. చింత మానులో చేవ ఎంత నల్లగా ఉంటుందో ఆ రోజే చూశాను. బయట పాలిపోయిన పసుపు, లోపలికి పోయేకొద్దీ ముదురు గోధుమ, నడిమధ్యన ఇంచుమించు నలుపు. కోసిన చోట చెయ్యి పెడితే తడి తగిలింది. కొమ్మ తొర్రలో ఉండే చిన్న గుడ్లగూబలు రెండు పట్టపగలు కరెంటు తీగ మీద కూర్చుని, మెడలు తిప్పుతూ, పడిపోయిన చెట్టు వైపే చూస్తున్నాయి. సాయంత్రానికి మూడు చెట్లూ ముక్కలై ట్రాక్టర్లలో ఇటుక బట్టికి పోయాయి. మంచి మొద్దులు మాత్రం వేరుగా పెట్టుకున్నారు. చింత మొద్దుకు మాంసం కొట్టుల్లో ఎప్పుడూ గిరాకీ ఉంటుంది.

అనుమతి ఉందా అని అడిగాను. ట్రాక్టరు దగ్గరి మనిషి ఫోనులో ఏదో కాగితం ఫొటో చూపించి జేబులో పెట్టుకున్నాడు. సోమవారం ఆఫీసుకు పోతే అక్కడి ఉద్యోగి మర్యాదగానే మాట్లాడాడు. "ఆ చెట్లు ఏ రికార్డులోనూ లేవు సార్. లేని చెట్లు పోయాయని ఫిర్యాదు ఎట్ల రాసుకోవాలి?" అన్నాడు. ముప్పై ఏళ్లు ఊరు ఖర్చులు మోసిన చెట్లవి. వాటి లెక్క మా పంచాయతీ బీరువాలోనే ఉందని నాకు అప్పటికి తెలియదు. తెలిసి ఉంటే ఆ రిజిస్టరు తీసుకుపోయి ఆయన బల్ల మీద పరిచేవాణ్ని. అది ఇప్పటికీ నన్ను తినేస్తోంది. మీకు ఈ ఉత్తరం రాయడానికి కారణం కూడా అదే.

మనకు చట్టం లేక కాదు. 2002లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం, అందరూ వాల్టా అని పిలిచేది, ఇప్పటికీ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నడుస్తోంది. బోరు వేసేటప్పుడో, వాగులో ఇసుక తీసేటప్పుడో ఊళ్లో ఈ చట్టం పేరు వినపడుతుంది. దాని పేరులో చెట్టు కూడా ఉందని చాలామందికి గుర్తుండదు. సొంత పొలంలోని చెట్టైనా సరే, కొట్టాలంటే ముందు అనుమతి తీసుకోవాలని ఆ చట్టం చెబుతుంది. చెట్ల వరకు ఆ అనుమతి పని అటవీ శాఖ వాళ్లు చూస్తారు. సరుగుడు, నీలగిరి, సుబాబుల్ లాంటి, కోసుకోవడానికే పెంచే కొన్ని జాతులకు మినహాయింపు ఉంది. అది న్యాయమే.

కానీ ఈ ఏర్పాటులో ఒక లోటు ఉంది సర్పంచి గారూ. ఊరి చెట్టు పేరు కాగితం మీద మొదటిసారి పడేది, దాన్ని నరకడానికి దరఖాస్తు పెట్టిన రోజునే. అంతవరకు ప్రభుత్వం దృష్టిలో ఆ చెట్టు లేనే లేదు. దరఖాస్తులో జాతి రాస్తారు, చుట్టుకొలత రాస్తారు, సర్వే నంబరు రాస్తారు. ఆ చెట్టు కింద రోజూ బస్సు కోసం నిలబడే పిల్లలు ఎందరో, పండగకు బోనం ఎక్కడ దించుతారో, చుట్టుపక్కల వేరే నీడ ఉందో లేదో రాయడానికి ఆ ఫారంలో గడి లేదు. రాసేవాడు నరకాలనుకునేవాడు. అతను ఎందుకు రాస్తాడు?

ఇంగ్లండులో ఇది తలకిందులుగా జరుగుతుంది. అక్కడ స్థానిక కౌన్సిలు ఫలానా చెట్టుకు, లేదా ఫలానా చెట్ల గుంపుకు, లేదా మొత్తం ఒక తోపుకు రక్షణ ఉత్తర్వు ఇవ్వగలదు. ఆ ఉత్తర్వుతో పాటు ఒక పట్టీ, చెట్టు ఎక్కడుందో చుక్క పెట్టి చూపే పటం ఉంటాయి. ఆ తర్వాత ఆ స్థలం ఎవరిదైనా, కౌన్సిలు ఒప్పుకోకుండా కొమ్మ కొట్టినా నేరమే. అంత దూరం పోనక్కర్లేదు. పక్కనున్న మహారాష్ట్రలో పట్టణాలకు 1975 నుంచే చెట్ల చట్టం ఉంది. అయిదేళ్లకొకసారి చెట్ల లెక్క తీయాలి. చెట్టు కొట్టాలంటే పేపర్లో ప్రకటన ఇచ్చి, ఆ చెట్టు మీద కూడా నోటీసు అంటించాలి. దారిన పోయేవాడు ఆగి చదివి, అభ్యంతరం ఉంటే చెప్పుకోవచ్చు. 2021లో దానికి సవరణ తెచ్చి, 50 ఏళ్లు దాటిన చెట్టును వారసత్వ వృక్షంగా చూడాలన్నారు. కర్ణాటకలో కూడా ఒకేసారి 50కి మించి చెట్లు కొట్టాలంటే జనాన్ని అడగాలి. ఈ చట్టాలు ఉన్నచోట చెట్లన్నీ బతికాయని నేను అనను. ముంబైలో, బెంగళూరులో పోయిన చెట్లు తక్కువేమీ కాదు. అయితే అక్కడ పోయిన చెట్టుకు కనీసం ఒక నంబరు ఉంటుంది. పోయిందని అడగడానికి ఆ నంబరు పనికొస్తుంది.

లెక్క ఉంటే ఏమవుతుందో 2025 మార్చిలో సుప్రీంకోర్టు చూపించింది. మథుర దగ్గర రాత్రికి రాత్రి 454 చెట్లు నరికించిన వ్యక్తికి చెట్టుకు లక్ష రూపాయల చొప్పున జరిమానా పడింది. ఆ పచ్చదనం మళ్లీ రావాలంటే కనీసం వందేళ్లు పడుతుందని కోర్టు అన్నది. 454 అని తేలింది కాబట్టి 454 లక్షలు. మా ఊరి బాట మీది మూడు చెట్లకు మూడు రూపాయలు కూడా పడలేదు.

మీ మీద భారం వేయడానికి రాయడం లేదు. సర్పంచి కుర్చీ ఇప్పటికే ముళ్ల కుర్చీ అని నాకు తెలుసు. 2018 పంచాయతీరాజ్ చట్టం మొక్కల బాధ్యత మీ నెత్తిన పెట్టింది. ఊరికొక నర్సరీ కావాలి, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, లేకపోతే జవాబు చెప్పాల్సింది మీరూ మీ కార్యదర్శీ. 2015 నుంచి హరితహారం పేరుతో కోట్ల మొక్కలు నాటారు. ట్యాంకరుతో నీళ్లు పోయించి, మేకలు మేయకుండా ముళ్లకంప కట్టించి, ఎండకు మాడితే మళ్లీ నాటించిన సర్పంచులను నేను కళ్లారా చూశాను. వాళ్లను చిన్నచూపు చూడను. కానీ ఒక ప్రశ్న మాత్రం నన్ను వదలడం లేదు. మోకాలెత్తు మొక్క ఎండిపోతే పదవికే ముప్పు వచ్చే ఊళ్లో, నలుగురు చేతులు చాచి పట్టుకున్నా అందని మాను పడిపోతే ఎవరినీ ఏమీ అడగరు. మొక్కకు రిజిస్టరు ఉంది. మానుకు లేదు. తేడా అంతా అక్కడే.

చేవెళ్ల మర్రిచెట్ల సంగతి మీ అందరికీ తెలిసిందే. అప్పా కూడలి నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల బీజాపూర్ రోడ్డు మీద తొమ్మిది వందలకు పైగా మర్రులు. ఊడలు రోడ్డు మీదికి వంగి, రెండు వైపులా కొమ్మలు కలుసుకుని, ఆ దారిన బస్సులో పోతుంటే కిటికీలోంచి వచ్చే గాలి మారిపోయేది. రోడ్డు వెడల్పు చేయాలన్నారు. చెట్ల కోసం కొందరు పౌరులు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుని హరిత ట్రిబ్యునల్ మెట్లెక్కారు. ఏళ్లు గడిచాయి. 2025 నవంబరు 3 పొద్దున మీర్జాగూడ దగ్గర టిప్పరు, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది పోయారు. బస్సులోకి కంకర కుమ్మరించినట్టు పడింది. ఆ వార్త విన్న రోజు నాకు అన్నం సహించలేదు. ఆ దుఃఖంలో చాలామంది వేలు మర్రిచెట్ల వైపు, వాటి కోసం కోర్టుకు పోయినవాళ్ల వైపు చూపించింది. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులతో వాదించే నోరు నాకు లేదు. ఇరుకు రోడ్డు మీద ప్రాణాలు పోతున్నాయన్నది నిజం, ఆ రోడ్డు బాగుపడాలన్నదీ నిజం.

ఆ చెట్ల కేసులో ఎక్కువ చెట్లను ఉన్నచోటే ఉంచి, కొన్నింటిని మాత్రం తవ్వి వేరేచోట నాటే పద్ధతి మీద దారి తెరుచుకుంది. ఇక్కడే నా బాధ. అన్నేళ్ల తర్వాత కుదిరిన ఆ ఒప్పందం రోడ్డు పటం గీసిన మొదటి రోజే కుదిరి ఉండవచ్చు. ఆ చెట్లు ఏదో ఒక పంచాయతీ పుస్తకంలో, ఏదో ఒక ప్రభుత్వ పటంలో ముందే చుక్కలుగా ఉండి ఉంటే, ఇంజినీరు గీత గీసేటప్పుడే వాటిని చూసుకుని గీసేవాడు. చెట్టు ఉందని చివర్లో తెలిస్తే అది అడ్డంకి అవుతుంది. మొదట్లోనే తెలిస్తే కల్వర్టు లాగా, చెరువు కట్ట లాగా, చూసుకుని పోవాల్సిన ఒక గుర్తు అవుతుంది. రోడ్డూ ఆలస్యం కాదు, మనుషులూ మిగులుతారు.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని చూడండి. ఏడు వందల ఏళ్ల చెట్టు అంటారు, మూడెకరాల పైన పరుచుకుంది. జనం ఊడల మీద ఉయ్యాల ఊగి ఊగి, చెదలు లోపల తొలిచి తొలిచి, 2017 చివర్లో పెద్ద కొమ్మ ఒకటి విరిగి పడింది. సందర్శకులను ఆపేశారు. 2018లో అటవీ శాఖ వాళ్లు ఆ చెట్టుకు సెలైన్ ఎక్కించారు. కొమ్మలకు చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, చెదల మందు నీళ్లలో కలిపి, ఆసుపత్రిలో లాగా సీసాలు వేలాడదీసి, సూది గుండా చుక్క చుక్కగా లోపలికి పంపారు. ఒరిగిన కొమ్మల కింద స్తంభాలు కట్టారు. వందల సీసాలు వేలాడుతున్న ఆ చెట్టు ఫొటో ఎక్కడెక్కడి పేపర్లలోనో వచ్చింది. దానికి పేరుంది కాబట్టి వైద్యం అందింది. మీ ఊరి బొడ్రాయి దగ్గరి రావిచెట్టుకు అంత పేరు లేదు. దాని మొదట్లో రోజూ చెత్త పోగేసి నిప్పు పెడుతున్నారు. చుట్టూ గద్దె కట్టి మాను దాకా సిమెంటు పోశారు. ఫ్లెక్సీల కోసం మేకులు దిగ్గొట్టారు. కరెంటు తీగ వైపు కొమ్మలన్నీ ఒక్క పక్కే కొట్టేశారు. రేపు ఈదురుగాలికి అది రెండో పక్కకు ఒరిగి ఎవరి ఇంటి మీదో పడితే, చెట్టు ప్రమాదకరం అని రాసి మిగతాది కూడా కొట్టేస్తారు.

చెట్టును చంపాలంటే గొడ్డలే అక్కర్లేదని మీకు నేను చెప్పనక్కర్లేదు. బెరడు చుట్టూ బెత్తెడు వెడల్పున ఒలిచేస్తే చాలు, ఏడాదిలో నిలువునా ఎండుతుంది. ఎండాక నరకడానికి ఎవరూ అడ్డు చెప్పరు. పొలం గట్టున కొయ్యకాళ్లకు పెట్టిన నిప్పు రోడ్డు పక్క చెట్ల మొదళ్లను ఎట్లా కాలుస్తుందో కోతలయ్యాక ఏ దారిన పోయినా కనిపిస్తుంది.

ఇది ఒంటి చెట్ల సంగతి. కంచల సంగతి ఇంకా కష్టం. మన దగ్గర కంచ అంటే పశువుల మేతకు వదిలిన భూమి. రెవెన్యూ రికార్డులో అది బంజరు, గైరాన్, సర్కారీ. వానలు పడ్డాక వెళ్లి చూస్తే మోదుగ, సీతాఫలం, రేల, తుమ్మ, వాటి మధ్యన నెమళ్లు, కుందేళ్లు. 2025 మార్చి నెలాఖరులో హైదరాబాదు విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీద బుల్డోజర్లు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానుగా ఆపించింది. చెట్లు కొట్టడానికి అనుమతులు తీసుకున్నారా అని నిలదీసింది. ఆ భూమి పేరులోనే కంచ ఉంది, కాగితాల్లో మాత్రం అడవి లేదు. వాదన అంతా దాని చుట్టే తిరిగింది. రికార్డులో ఏమని రాసి ఉన్నా, యజమాని ఎవరైనా, నిఘంటువు అర్థంలో అడవి అయితే అది అడవేనని ఇదే కోర్టు 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో చెప్పింది. దాదాపు ముప్పై ఏళ్లు గడిచినా ఊరి కంచల పేర్లు రాసుకునే పని సాగలేదు. హైదరాబాదులో విద్యార్థులు ఉన్నారు, కెమెరాలు ఉన్నాయి. మీ ఊరి కంచకు మీరే ఉన్నారు.

దీనికి కొత్త చట్టం కోసం ఎదురు చూడక్కర్లేదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకీ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ఊరి చెట్లూ పశువులూ మందుమొక్కల వివరాలతో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. చాలా ఊళ్లలో కమిటీ కాగితం మీదే ఉంది. దాన్ని లేపండి. అదే చట్టం కింద, స్థానిక సంస్థలతో మాట్లాడి, విలువైన చోటును రాష్ట్ర ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించవచ్చు. 2007లో దేశంలో మొట్టమొదట ఆ గుర్తింపు దక్కింది ఏ మహారణ్యానికో కాదు, బెంగళూరు దగ్గర దేవనహళ్లి పక్కన నల్లూరులోని చింతతోపుకు. దాదాపు 54 ఎకరాల పాత చింతలు. మన సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ చెరువుకు 2016లో వచ్చింది. చింతతోపుకు రాగా లేనిది మీ ఊరి మర్రుల వరసకు ఎందుకు రాకూడదు?

నేను అడిగేది ఒక గ్రామసభ. ఒక టేపు, ఒక రిజిస్టరు, ఊరి పెద్దలు నలుగురు, ఫోనులో పటం చూడగల పిల్లలు ఇద్దరు. ప్రభుత్వ స్థలంలో, బాటల పక్కన, గుళ్లూ దర్గాలూ బళ్ల దగ్గర ఉన్న పాత చెట్లన్నింటినీ ఛాతీ ఎత్తున కొలిచి, నంబరు ఇచ్చి, సర్వే నంబరుతో రాసి, గ్రామసభ తీర్మానంగా ఆమోదించండి. ఒక నకలు తహసీల్దారుకు, ఒకటి అటవీ రేంజి ఆఫీసుకు, ఒకటి రోడ్లు భవనాల వాళ్లకు, ఒకటి కరెంటు ఆఫీసుకు ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. ఆ పట్టీలోని చెట్టు మీద ఎవరైనా దరఖాస్తు పెడితే గ్రామసభకు చెప్పకుండా ముందుకు పోకూడదని తీర్మానంలో రాయండి. చెట్టు మీదే నోటీసు అంటించమనండి. మీ తీర్మానానికి అనుమతిని ఆపే అధికారం ఉందా అని ఎవరైనా అడగవచ్చు. పూర్తిగా ఉండకపోవచ్చు. అయినా రేపు కోర్టులో, కలెక్టరు గారి ముందు, ఈ చెట్టు ఇక్కడ ఉంది, ఊరు దీన్ని వద్దనుకోలేదు అని చూపడానికి తేదీ వేసిన కాగితం ఉంటుంది. మా దగ్గర అది లేకపోయింది.

రైతుల భయం కూడా నాకు తెలుసు. పొలంలో చెట్టు పేరు రాయించుకుంటే రేపు అది తనది కాకుండా పోతుందని. బిడ్డ పెళ్లికి రెండు వేపలు అమ్ముకునే రైతు జోలికి పోవద్దు. అతనికి వాల్టా చిక్కులు చాలు. పొలం గట్టు చెట్టును ఇష్టపడి రాయించేవాళ్లవే రాయండి. ఎండి బడి మీదికి ఒరిగిన చెట్టుంటే దాన్ని కూడా రాయండి, కొట్టాలని రాయండి. నేను చెట్టు ముఖం చూసి మనుషుల్ని మరిచిపోయేవాణ్ని కాను.

మీలో సగం మంది ఆడవాళ్లు. ఈ మాట వాళ్లతో ప్రత్యేకంగా చెబుతున్నాను తల్లీ. కట్టెలు కొనడానికి వచ్చినవాడు చాలాసార్లు మన బంధువే అయి ఉంటాడు, వార్డు మెంబరు మరిదో, ఎన్నికలప్పుడు వెంట తిరిగినవాడో. అతనికి కాదని ముఖం మీద చెప్పడం కష్టం. గ్రామసభ తీర్మానం ఉంటే చెప్పేది మీరు కాదు, ఊరు.

మా ఊరి రిజిస్టరులోని ఏడు చింతచెట్లలో హనుమాండ్ల గుడి దగ్గరిది ఒక్కటే మిగిలింది. పోయిన నెల నేనూ మా మేనల్లుడూ పోయి కొలిచాం. చుట్టుకొలత నాలుగు మీటర్ల పది సెంటీమీటర్లు. మాను మీద పదకొండు మేకులు ఉన్నాయి. పటకారుతో పది పీకాం. ఒకటి లోపలికి దిగిపోయి, దాని మీద బెరడు కమ్ముకుంది, రాలేదు. కొలతలు కాగితం మీద రాసి మా సర్పంచి గారికి ఇచ్చి వచ్చాను. ఆమె చదివి, కార్యదర్శితో ఆ పాత రిజిస్టరు తీయించారు. చివరి పాట రాసిన పేజీ తర్వాత ఖాళీ పేజీలు ఇంకా చాలా ఉన్నాయి.

ఇట్లు,
పాలమూరు జిల్లా నుంచి ఒక గ్రామస్థుడు